అండాలమ్మ చూసిపెట్టిన కలప

మొన్న ఆదివారం పొద్దున పాల ప్యాకెట్ కోసం తలుపు తీయగానే వరండా నిండా సన్నని చేదు వాసన. ఎదురు ఫ్లాట్‌లోకి కొత్తగా వచ్చినవాళ్ళు వడ్రంగులను పెట్టి ఏదో చేయించుకుంటున్నారు. చిత్రిక పట్టిన పొట్టు ఉంగరాలు ఉంగరాలుగా గడప దాటి బయటికి దొర్లి వచ్చింది. వంగి ఒక ఉంగరం తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. వేప. బాగా ఆరిన వేప. లోపల పనిచేస్తున్నతను తల బయటపెట్టి, "చప్పుడు ఎక్కువైతున్నదా మేడమ్?" అని అడిగాడు. లేదన్నాను. ఇంకేమైనా అంటానేమోనని అతను ఒక్క క్షణం చూసి మళ్ళీ పనిలో పడ్డాడు. నేను పొట్టు అరచేతిలో పెట్టుకుని అలాగే నిలబడిపోయాను. కలపను వాసన చూసి పోల్చుకోవడం నాకు నేర్పిన మనిషి గురించి చెప్పుకోవడానికి ఆ అంతస్తులో ఎవరూ లేరు. అందుకే ఇలా రాస్తున్నాను.

ఆమె పేరు అండాలమ్మ. పంజాగుట్ట వెనక ఒక సందులో నేను మేడ మీద పోర్షన్‌లో అద్దెకుంటే, కింది రెండు గదుల్లో ఆమె ఒక్కతే ఉండేది. సాఫ్ట్‌వేర్ చదువుల కోసం ఊళ్ళకు ఊళ్ళు అమీర్‌పేటకు కదిలి వస్తున్న రోజులవి. మైత్రీవనం చుట్టూ ఒక కోర్సు బోర్డు మీద ఇంకో కోర్సు బోర్డు వేలాడేది. సాయంత్రమైతే ఫుట్‌పాత్ మీద కాలు పెట్టే సందుండేది కాదు. అందరూ ఇరవైల్లో ఉన్నవాళ్ళే, అందరికీ ఎక్కడికో తొందర. నేను ముప్పై దాటి, పెళ్ళయిన నాలుగేళ్ళకు భర్త ఇంట్లోంచి ఒక సూట్‌కేసుతో బయటికొచ్చి, అక్కడ చేరాను. బేగంపేటలో ఒక కంపెనీలో, సాఫ్ట్‌వేర్ వాడుకునేవాళ్ళ కోసం పుస్తకాలు రాసే ఉద్యోగం. ఏ బటన్ నొక్కితే ఏమవుతుందో వివరంగా రాయడం నా పని. తణుకు నుంచి అమ్మ ఫోన్ చేసి, "కాస్త సర్దుకుపోవాల్సిందే" అనేది. కొన్నాళ్ళకు ఆ ఫోన్లూ తగ్గిపోయాయి. ఆఫీసులో తప్ప మాట్లాడే అవసరం లేక, ఒక్కోసారి శుక్రవారం సాయంత్రం మూసిన నోరు సోమవారం పొద్దున తెరిచేదాన్ని.

చేరిన రెండు నెలలకు, చలికాలం వెళ్ళిపోయాక ఒకరోజు మెట్ల దగ్గర అండాలమ్మ నన్ను ఆపింది. పొట్టిగా, గట్టిగా ఉండే మనిషి. నుదుట పెద్ద పచ్చబొట్టు చుక్క. అప్పటిదాకా మా మధ్య చిరునవ్వులే తప్ప మాటల్లేవు.

"పైకెల్లి కుర్చీ జరిపిన చప్పుడే రాదేంది బిడ్డా? నేల మీదనే కూసొని తింటున్నవా?" అంది.

"కుర్చీ లేదండీ. బల్ల కూడా లేదు."

"అండి గిండి నాకొద్దు. పెద్దమ్మా అను." కాసేపు నా మొహంలోకి చూసి, "ఎన్ని దినాలు గట్ల తింటవు? ఒకటి చేపిచ్చుకో" అంది.

రెడీమేడ్ కొట్లకు వెళ్ళొచ్చానని చెప్పాను. పంజాగుట్ట మెయిన్‌రోడ్డు మీద అద్దాల షోరూముల్లో ఎక్కడికెళ్ళినా మొదటి ప్రశ్న ఒకటే: నలుగురికా, ఆరుగురికా? ఒక్కరికే అంటే సేల్స్‌మన్ ముఖం ఒకలా అయ్యేది. చదువుకునే పిల్లల బల్లలు చూపించేవాడు. అది విని అండాలమ్మ నవ్వలేదు, జాలీ పడలేదు. "ఆదివారం నర్సింగ్‌తోని కట్టె డిపోకు పోతున్న. నువ్వు సుత రా. నాలుగు కట్టెలు చూసినంక మాట్లాడుకుందం" అంది.

నర్సింగ్ మా సందు చివర జిరాక్స్ కొట్టు నడిపేవాడు. అతనూ భార్య సుజాతా కొత్త ఇంట్లోకి మారుతూ ఒక మంచం, ఒక బట్టల అల్మారా చేయించుకోవాలనుకున్నారు. సందులో ఎవరు కలప కొనాలన్నా అండాలమ్మను వెంటబెట్టుకుని వెళ్ళేవారు. ఆమె తండ్రి వడ్రంగి. ఆడపిల్ల చేతికి ఉలి ఇవ్వలేదు గానీ, కలప ఎంచడానికి మాత్రం చిన్నప్పటి నుంచీ తనతో తిప్పుకున్నాడట. భర్త ఎర్రగడ్డ అవతల చిన్న కోత మిషను నడిపేవాడు. ఆయన పోయాక మిషను మూతపడింది. పిల్లల్లేరు. ఆమెకు మిగిలింది ఈ పిలుపులే. ఆదివారం పొద్దున ఎవరైనా గుమ్మంలో నిలబడి, "పెద్దమ్మా, జర కట్టె చూసిపెడ్తవా?" అంటే చాలు, పెట్టెలోంచి గళ్ళ చీర తీసి కట్టుకుని, జడ బిగించుకుని, నడుమున సంచి దోపుకుని బయల్దేరేది. ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకునేది కాదు. తిరిగొచ్చేటప్పుడు వాళ్ళు టీ తాగిస్తే, అది తాగుతూ ఎంత ఆలస్యం చేయాలో అంత ఆలస్యం చేసేది.

ఆ ఆదివారం డిపోలో ఆమె కలప వైపు వెంటనే చూడలేదు. ముందు నర్సింగ్‌ని కూర్చోబెట్టి అడగడం మొదలుపెట్టింది. మంచం ఎవరికి? మీ ఇద్దరికా, మీ అమ్మకా? మీ అమ్మకు మోకాళ్ళు వంగుతాయా? అల్మారా పెట్టే గోడకు ఎండ తగులుతుందా, వాన చెమ్మ తగులుతుందా? ఇల్లు సొంతమా, మళ్ళీ మారతారా? నర్సింగ్ విసుగు దాచుకుంటూ జవాబులు చెప్పాడు. "కట్టెదేముంది బిడ్డా, అది ఏడికి పోతది" అని నా వైపు తిరిగి అంది. "మనిషి సంగతి ముందు తెల్వాలె." మంచానికి టేకు, బట్టలు పెట్టేదానికి వేప అని తేల్చింది. వేపను పురుగు ముట్టదట. తర్వాత పలకల దగ్గరికి వెళ్ళి మెటికలతో తట్టింది, చేతి వెనక వైపుతో తడిమింది. చివరికి ఒక పలక కోసిన అంచు మీదికి వంగి కళ్ళు మూసుకుంది. చాలాసేపు అలాగే ఉంది. గుళ్ళో నిలబడ్డ మనిషిలా ఉందనిపించి నేను పక్కకు తప్పుకున్నాను. లేచి, "అయితది" అంది.

ఆ వేసవిలో మంచం పక్కచెక్క బీట వారింది. అల్మారా తలుపు మెలి తిరిగి మూతపడకుండా పోయింది. పైన ఆరినట్టు కనబడినా లోపల పచ్చి ఉండిపోయిన కలప అది. సుజాత మధ్యాహ్నపు ఎండలో మా ఇంటికొచ్చి వాకిట్లోనే నిలబడింది.

"నీ మాట మీదనే కొన్నం పెద్దమ్మా. ఆ డిపో ఆయన నీకేమన్న ఇచ్చిండా?"

చుట్టుపక్కల కిటికీలు తెరుచుకున్నాయి. నేను మెట్ల మీద ఆగిపోయాను. అండాలమ్మ గడప దాటి బయటికొచ్చింది. చెప్పులేసుకుని, "పా, చూపియ్యి" అని సుజాత వెంట వెళ్ళింది. ఏం చూసిందో, ఏమందో నాకు తెలియదు. తిరిగొచ్చి తలుపు దగ్గరగా వేసుకుంది. ఆ తర్వాత ఆదివారాలు ఆమె గుమ్మం ముందు ఎవరూ నిలబడలేదు. మొదట్లో కొన్ని వారాలు పొద్దున్నే తలస్నానం చేసి, తల ఆరబోసుకుంటూ వాకిట్లో కూర్చునేది. పోనుపోను అదీ మానేసింది. మా సందులోవాళ్ళు చెడ్డవాళ్ళు కారు. ఎదురైతే పలకరించేవారు. పిలవడం మాత్రం మానేశారు.

ఒక వానాకాలపు సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చేసరికి గేటు దగ్గరికే మాడు వాసన కొట్టింది. అండాలమ్మ వంటింటి కిటికీలోంచి పొగ వస్తోంది. పరుగెత్తి లోపలికి వెళ్ళి స్టవ్ ఆర్పేశాను. గిన్నెలో అన్నం నల్లటి పెచ్చుగా అయిపోయింది. ముందు గదిలో అండాలమ్మ చాప మీద కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది. నన్ను చూసి, నేనెందుకు పరుగెత్తుకొచ్చానో అర్థంకాక నవ్వింది.

"పెద్దమ్మా, మాడు వాసన రాలేదా మీకు?"

ఆమె చేతులు ఆగిపోయాయి. వంటింటి వైపు చూసింది, నా వైపు చూసింది. పొగ అప్పటికి గది కప్పు దాకా పాకింది.

"శాన దినాలాయె బిడ్డా" అంది చివరికి. "పోయిన చలికాలం జెరమొచ్చిందా, గప్పటి సంది ముక్కుకు ఏం తెలుస్తలేదు. పూలు లేవు, పులుసు లేదు. అన్నీ ఒక్కతీరుగనే ఉన్నయి."

నేను చాప మీద ఆమె ఎదురుగా కూర్చున్నాను. పోయిన చలికాలం. అంటే నర్సింగ్‌తో డిపోకు వెళ్ళేనాటికే. పలక మీద వంగి ఆమె కళ్ళు మూసుకున్న తీరు గుర్తొచ్చింది.

"మరి ఆ రోజు వాళ్ళతో వెళ్ళనని చెప్పొచ్చు కదా?"

"చెప్పొచ్చు." చింతగింజలన్నీ ఒక పక్కకు కుప్ప చేసింది. "తట్టి చూసి, పట్టి చూసి చెప్తె సరిపోతదనుకున్న. ఎన్కటి సంది చూస్తున్న కట్టెనే గద. అయినా ఎవలన్న ఇంటికొచ్చి రమ్మంటె, రానని ఎట్లంట బిడ్డా? వద్దంటె ఇంకెవలు పిలుస్తరు నన్ను?"

పైకెళ్ళి నా కోసం వండుకున్న అన్నం తెచ్చి ఇద్దరికీ పెట్టాను. ఆ రాత్రి ఆమె ఇంట్లో తిన్నాను. ప్రతి ముద్దకీ, "ఉప్పు తెలుస్తది, పులుపు తెలుస్తది, గంతే" అంటూ తింది.

నాలుగైదు రోజుల తర్వాత, నా బల్లకు కలప చూసిపెట్టమని అడిగాను. కోపగించుకుంది. "ఎగతాళా? నా మాట మీద కొనకు" అంది. "మీరు తట్టి చూడండి, పట్టి చూడండి. వాసన నేను చూసి చెబుతాను" అన్నాను. లోపలికెళ్ళి ఏవో గిన్నెలు సర్దింది. నేను మెట్లెక్కుతుంటే వెనక నుంచి, "ఆదివారం జల్ది తయారుండు" అని వినిపించింది.

ఈసారి వేరే డిపోకు వెళ్ళాం. రేకుల కప్పు కింద దుంగలు, పలకలు, మధ్యలో రంపపు పొట్టు గుట్టలు. అండాలమ్మ ఒక పలక అంచు నా ముందుకు జరిపి, "ఏం వాసనొస్తుంది, చెప్పు" అంది.

"బాగుంది."

"బాగుందంటె నాకేం తెలుస్తది? దేని లెక్కుంది?"

నేను మళ్ళీ వంగాను. చీర కుచ్చిళ్ళకు పొట్టు అంటుకుంటోంది. డిపో మనిషి నవ్వుతూ చూస్తున్నాడు. "కొత్త చెప్పుల కొట్లోకి వెళ్తే వచ్చే వాసనలా ఉంది. కొంచెం నూనె జిడ్డు" అన్నాను. ఆమె ముఖం వెలిగింది. "టేకు. ఆరింది. ఇగ ఇది?" తర్వాతి పలక దగ్గర తడుముకున్నాను. చల్లగా, ఏదో కూరగాయలా... "సొరకాయ కోసినప్పుడు వస్తుందే, అలా." "పచ్చిది. పక్కకు పెట్టు." ఇంకోదానికి వానలో తడిసిన గోనెసంచి అన్నాను. అది చెడిపోతున్నదట. ఇంకోదానికి ఏమీ అనలేకపోయాను. ఆమె నా చెయ్యి పట్టుకుని, "జర నిమ్మలంగ. కండ్లు మూసుకో. తొందరేం లేదు" అంది.

పొద్దంతా అలాగే గడిచింది. ఏ బటన్ నొక్కితే ఏమవుతుందో రాసి రాసి అలవాటైన నాకు, నాలోపలికి వచ్చినదాన్ని ఇంకొకరికి తెలిసేలా మాటల్లో పెట్టడం కొత్త. పెళ్ళయిన నాలుగేళ్ళలో నాకెలా ఉందో ఎవరూ అడగలేదు. అడిగినా నేనూ "బాగుంది" అనే అనేదాన్నేమో. అక్కడ, ఆ రేకుల కింద, ఒక మనిషి నేను చెప్పే ప్రతి మాట కోసం ఊపిరి బిగబట్టి ఎదురుచూస్తోంది. చివర్లో ఒక పలక దగ్గర, "చేదుగా ఉంది, కానీ ముక్కుకు హాయిగా ఉంది. చిన్నప్పుడు అమ్మవారు పోసినప్పుడు అమ్మ నా పక్క మీద పరిచిన ఆకుల్లా" అన్నాను. అండాలమ్మ ముందుకు వంగింది. ఆ పలకను తట్టింది, ఎత్తి బరువు చూసింది, చెంపకు ఆనించుకుంది. "వేప. రెండు ఎండకాలాలు చూసింది. నీకిదే" అంది.

టేకు ఎందుకు వద్దని అడిగాను. "నువ్వు ఇల్లు మారుతవు. మోస్తవు, దించుతవు. నీళ్ళు ఒంపుతవు, పట్టించుకోవు. దీనికి ఏం కాదు" అంది. ఆ కొద్ది నెలల్లో నన్ను అంతగా గమనించిందని అప్పుడే తెలిసింది.

కొలత దగ్గర నేను తటపటాయించాను. ఎంతైనా ఇద్దరికి సరిపడేలా చేయిస్తే నయమేమో, ఎప్పుడైనా ఎవరైనా వస్తే, అన్నాను. ఆమె తల అడ్డంగా ఊపింది.

"ఒక్కదానికే చేపియ్యి. ఎవలో వస్తరని పెద్దగ చేపిస్తె, ఆ ఖాళీ దినాం చూసుకుంట తినాలె. నా మంచం చూసినవ్ గద. మా ఆయన ఉన్నప్పటిది. ఇప్పటికి సుత ఒక పక్కకే పండుకుంట."

వాకిట్లోనే వడ్రంగి వారం రోజుల్లో బల్ల, కుర్చీ చేసిపెట్టాడు. పని జరుగుతున్నంతసేపు అండాలమ్మ పక్కనే పీట వేసుకుని కూర్చుంది. బల్లను పైకి చేర్చిన మర్నాడు గళ్ళ చీర కట్టుకుని సుజాత వాళ్ళింటికి బయల్దేరింది. నన్ను తోడు రమ్మంది. వాళ్ళ గడపలో నిలబడి, "బిడ్డా, నేను డిపో ఆయనతోని ఏం తీసుకోలె. నాకు వాసన పోయింది. పోయిందని చెప్పకుంట మీతోని వచ్చిన. గదే నా తప్పు" అంది. అంతే. సుజాత నా వైపు చూసింది. తర్వాత లోపలికి రమ్మని కుర్చీ వేసి, టీ పెట్టింది. అల్మారా తలుపు అప్పటికీ సగం తెరిచే ఉంది. ముగ్గురం దాన్ని చూడనట్టు కూర్చుని టీ తాగాం. వచ్చేటప్పుడు సుజాత గేటు దాకా వచ్చి, "అట్లన్నందుకు ఏమనుకోకు పెద్దమ్మా" అంది. దారిలో అండాలమ్మ చాలా తేలిగ్గా నడిచింది.

అయినా పిలుపులు తిరిగి రాలేదు. అప్పటికి కాలం కూడా మారిపోయింది. అట్టపెట్టెల్లో విడివిడిగా వచ్చి, ఇంట్లో మరలు బిగిస్తే తయారయ్యే మంచాలూ బీరువాలూ వచ్చేశాయి. కలప చూసుకోవలసిన అవసరమే లేకుండా పోయింది. మరో ఏడాదికి మా ఇంటి ఓనరు స్థలాన్ని అపార్ట్‌మెంట్ కట్టేవాళ్ళకు ఇచ్చేశాడు. నేను బల్లను ఆటోట్రాలీలో వేసుకుని అమీర్‌పేటలో ఇంకో గదికి మారాను. అండాలమ్మ బోరబండలో మరిది కొడుకు ఇంటికి వెళ్ళిపోయింది. పెద్ద మంచం ఆ ఇంట్లో పట్టక, ఎవరికో ఇచ్చేసింది.

నెలకోసారి వెళ్ళేదాన్ని. రెండు గదుల్లో ఏడుగురు. ఆమె గుమ్మం పక్కన బొంత మీద కూర్చుని ఉండేది. "ఇల్లు నిండ మంది ఉన్నరు బిడ్డా. మంచోళ్ళే. కాని ఎవలు ఏం అడుగరు" అనేది. నేను పక్కన కూర్చోగానే, "ఏం వాసనొస్తుంది, చెప్పు" అనేది. చెప్పేదాన్ని. పక్కింట్లో ఎల్లిపాయ పోపు. సబ్బునీళ్ళు. ఎక్కడో రబ్బరు కాలుతోంది. వాన వచ్చేలా ఉంది. ఆమె కళ్ళు మూసుకుని వింటూ తల ఊపేది. ఒక్కోసారి నేను చెప్పిన దాన్ని నమ్మేది కాదు: "ఇంత ఎండల వాన యాడిది?" నిజంగానే వాన పడితే మురిసిపోయేది, తానే పసిగట్టినట్టు.

తర్వాత నాకు పని ఎక్కువై రెండు నెలలు వెళ్ళడం కుదరలేదు. మూడో నెల వెళ్ళేసరికి గుమ్మం పక్క బొంత లేదు. దినాలు కూడా అయిపోయాయి. నా ఫోన్ నంబరు వాళ్ళెవరి దగ్గరా లేదు, నేనొకదాన్ని ఉన్నానన్నదీ వాళ్ళకు గుర్తులేదు. మరిది కోడలు మర్యాదగా కూర్చోబెట్టి నీళ్ళిచ్చింది. "మీరు ఆమెకు ఏమైతరు?" అని అడిగింది.

"పై పోర్షన్‌లో ఉండేదాన్ని" అన్నాను.

నేనింకా ఏదైనా చెబుతానేమోనని ఆ అమ్మాయి ఆగింది. గ్లాసు కింద పెట్టి వచ్చేశాను. బస్టాప్ దాకా నడుస్తుంటే ఆ వీధి వాసనలన్నీ ఒక్కొక్కటిగా ముక్కుకు తగిలాయి. వాటికి పేర్లు పెట్టి చెప్పడానికి పక్కన మనిషి లేదు.

ఇన్నేళ్ళయినా నేను ఒక్కదాన్నే ఉంటాను. దానికి అలవాటు పడ్డానని అనుకుంటాను, కొన్ని సాయంత్రాలు మాత్రం అది నిజం కాదని తెలుస్తుంది. ఇప్పుడుంటున్న అపార్ట్‌మెంట్ రెండో అంతస్తులో కరుణ గారని రిటైరైన టీచర్ ఉన్నారు. ఆవిడా ఒంటరే. వినికిడి తగ్గింది. బట్టల రకాలు తనకు బాగా తెలుసంటారు. ఈమధ్య ఆ ఎంపికా తప్పుతోంది. కిందటిసారి ఆవిడ గట్టి రంగన్న చీర మొదటి ఉతుకుకే వెలిసిపోయింది. నేను ఆవిడకు చెప్పలేదు. ఈ శనివారం కర్టెన్ల గుడ్డ కొనాలి. నాకు గుడ్డ చూసుకోవడం రాక కాదు. నిన్న వెళ్ళి ఆవిడ తలుపు తట్టి, "కరుణ గారూ, కాస్త కర్టెన్ గుడ్డ చూసిపెడతారా?" అని గట్టిగా అడిగాను. "ఎప్పుడు వెళ్దాం?" అన్నారు, అప్పటికే చెప్పుల కోసం చూస్తూ. శనివారం అన్నాను. "సరే అయితే, పొద్దున్నే తయారుగా ఉంటాను" అన్నారు ఆవిడ, తలుపు వేయడం మరిచిపోయి.